తొట్టి ఎంతో చేప అంతేనా?

అక్వేరియం కొట్టుకు వెళ్లి చిన్న గాజు గిన్నె చూపించి, "ఇందులో గోల్డ్‌ఫిష్ బతుకుతుందా?" అని అడిగితే కొట్టాయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ఏం పర్లేదు సార్, చేప తొట్టిని బట్టే పెరుగుద్ది." ఈ ఒక్క మాట ఎన్ని చేపల్ని గిన్నెల్లో ఇరికించిందో లెక్క లేదు. అయితే ఆ మాటలో కంటికి కనిపించే నిజం కొంత ఉంది. గిన్నెలో ఉంచిన గోల్డ్‌ఫిష్ చాలావరకు చిన్నగానే ఉండిపోతుంది. అదే జాతి చేప తోటలోని కుంటలో పడితే జానెడు దాటి పెరుగుతుంది. ఇది చూసినవాళ్లు ఆ మాటను నమ్మకుండా ఎలా ఉంటారు?

చిక్కంతా "బట్టే" అన్న ముక్కలో ఉంది. చేప దేన్ని బట్టి పెరుగుతోంది? గాజు గోడ ఎంత దూరంలో ఉందో చూసుకునా? నీళ్లలో పేరుకున్న మలినాన్ని బట్టా? పక్కనున్న చేపల పోటీని బట్టా? లేక గిన్నెలో పెంచేవాళ్లు భయపడి మేత తక్కువ వేస్తారు కాబట్టా? తొట్టి చిన్నదైతే ఇవన్నీ ఒక్కసారే మారిపోతాయి. చిన్నదిగా ఉన్న చేపను చూసి ఏది కారణమో చెప్పలేం. వీటిని విడదీయడానికే ప్రయోగం కావాలి.

కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేపల రైతులకు ఈ సంగతిలో సగం ఎప్పుడో తెలుసు. శీలావతి, బొచ్చె పిల్లల్ని వాళ్లు నేరుగా పెద్ద చెరువులో వదలరు. ముందు చిన్న చెరువులో కిక్కిరిసేలా పోసి, మేత బిగబట్టి, ఏడాదిదాకా ఆపిపెడతారు. ఆ ఏడాదిలో పిల్లకు వయసు వస్తుంది గాని ఒళ్లు రాదు. తర్వాత వాటిని పెద్ద చెరువులో పలచగా వదిలి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి వేలాడదీస్తారు. అప్పుడు చూడాలి వాటి పెరుగుదల! ఆగిపోయిన రోజులన్నిటికీ బదులు తీర్చుకుంటున్నట్టు పెరుగుతాయి. శాస్త్రవేత్తలు దీన్ని పరిహార పెరుగుదల అంటారు. కిక్కిరిసి చిన్నదైన చేప ఎప్పటికీ చిన్నదిగానే ఉండిపోనక్కర్లేదని ఈ పద్ధతి ఏటా రుజువు చేస్తోంది.

కానీ ఆ చెరువులో చోటు, మేత, నీరు, పోటీ నాలుగూ కలిసే మారుతున్నాయి. రైతుకు పంట కావాలి, వాటిని విడదీయాల్సిన అవసరం ఆయనకు లేదు. మనకు కారణం కావాలి, కాబట్టి విడదీయక తప్పదు.

ఈ ప్రశ్నను పద్ధతిగా అడిగినవాళ్లలో మొదటి వరసలోని మనిషి కార్ల్ సెంపర్. 19వ శతాబ్దంలో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో జంతుశాస్త్ర ఆచార్యుడు. ఆయన చేపల్ని కాక కుంట నత్తల్ని ఎంచుకున్నాడు. ఒకే గుడ్ల ముద్ద నుంచి పుట్టిన పిల్ల నత్తల్ని వేర్వేరు పరిమాణాల నీళ్లలో ఉంచి, కడుపునిండా మేత పెట్టాడు. నీళ్లు తక్కువైన చోట నత్తలు చిన్నవయ్యాయి. మేతకు లోటు లేదు గనక ఆకలి కారణం కాదన్నాడు. నీళ్లలో మనకు తెలియని పదార్థమేదో అతి కొద్దిగా ఉండి ఉంటుందని, పెరుగుదలకు అది అవసరమని, నీళ్లు తక్కువైతే ఒక్కో నత్త వంతుకు అది చాలడం లేదని ఊహించాడు. 1881లో ఇంగ్లీషులో వచ్చిన తన పుస్తకంలో ఈ వాదన వివరంగా రాశాడు.

సెంపర్ ఊహ నిలవలేదు. నాకు మాత్రం ఆయన ఊహకన్నా ఆయన చేసిన ఒక్క పని గొప్పగా అనిపిస్తుంది. ఒకే ముద్ద గుడ్ల నుంచి నత్తల్ని తీసుకోవడం! పుట్టుకలో తేడాలుంటే తొట్టి ప్రభావం వాటిలో కలిసిపోతుందని ఆయన గ్రహించాడు. చేపల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఒడిశాలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే శాస్త్రవేత్తలతో కలిసి, బాగా పెరిగే తల్లిదండ్రుల్ని తరం తర్వాత తరం ఎంచుకుంటూ జయంతి అనే శీలావతి రకాన్ని తయారుచేయగలిగింది. అంటే పెరుగుదలలో వారసత్వం వాటా అంత బలమైనదన్నమాట. తిలాపియాలోనైతే మగవి ఆడవాటికన్నా వేగంగా పెరుగుతాయి. ఒక తొట్టిలో మగవి ఎక్కువ పడితే చాలు, ఫలితం తారుమారవుతుంది.

సెంపర్ అన్నది నీళ్లలో ఏదో తక్కువైందని. తర్వాతి కాలం పరిశోధకులు దాన్ని తిరగేసి చూశారు. నీళ్లలో ఏదో ఎక్కువైందేమో? చేపలే వదిలే పదార్థాలు వాటి పెరుగుదలకే అడ్డుపడుతున్నాయేమో? 1970లో యూ, పెర్ల్‌మటర్ అనే ఇద్దరు పరిశోధకులు జీబ్రా చేపల్లోనూ బ్లూ గౌరామీల్లోనూ ఇలా పెరుగుదలను అణిచే కారకాల గురించి ప్రచురించారు. అయితే అలాంటి సూక్ష్మమైన కారకాల దాకా వెళ్లేముందు మన కళ్లముందున్న మోటు కారకం సంగతి తేల్చుకోవాలి. అది అమ్మోనియా.

చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకే వస్తుంది. 30 శాతం మాంసకృత్తులున్న మేత ఒక కిలో తింటే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నత్రజని బయటికి వస్తుందని ఆక్వా రంగంలో ఒక మోటు లెక్క ఉంది. అంటే గ్రాము మేతకు 30 మిల్లీగ్రాములు. ఇప్పుడు నాలుగు చేపలున్న తొట్టిలో రోజుకు గ్రాము మేత వేశామనుకుందాం. 20 లీటర్ల తొట్టిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు. 60 లీటర్ల తొట్టిలో అర మిల్లీగ్రాము. చేపలు అవే, మేత అదే, ఒక్కరోజులో మలినం మూడింతలు. వడపోతలోని బాక్టీరియా దాన్ని ఎప్పటికప్పుడు మార్చలేకపోతే రోజురోజుకూ పేరుకుంటుంది.

ఇంకో మెలిక ఉంది. అమ్మోనియాలో నిజంగా విషపూరితమైనది అయాన్‌గా మారని భాగం. ఆ భాగం ఎంతన్నది నీటి పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే అది వెయ్యిలో ఆరు పాళ్లు. పీహెచ్ 8కి పెరిగితే నూటికి అయిదు పాళ్లు. కిటికీ పక్కన ఎండ తగిలి నాచు పట్టిన తొట్టిలో మధ్యాహ్నం పీహెచ్ పెరుగుతుంది. అంటే తొట్టిని ఎక్కడ పెట్టామన్నది కూడా దాని పరిమాణం అంత పని చేయవచ్చు. గిన్నెలో చేప చిన్నదైతే అది చోటు చాలకనా, ఒంట్లోకి విషం ఎక్కుతూనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ప్రయోగం చేసినా చేయకపోయినా ఒకటే.

మరి ఎలా చేయాలి?

మొదట ఒక ముడి విప్పాలి. చేపల సంఖ్య, నీటి పరిమాణం, ఒక్కో చేప వంతుకొచ్చే నీరు, ఈ మూడూ ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి. ఏ ఒక్కదాన్నీ విడిగా మార్చలేం. సంఖ్య మార్చకుండా తొట్టి పెంచితే సాంద్రత తగ్గుతుంది. సాంద్రత మార్చకుండా తొట్టి పెంచితే చేపల సంఖ్య పెరుగుతుంది. "ఒక్క అంశమే మార్చి మిగతావన్నీ స్థిరంగా ఉంచాలి" అని బడిలో నేర్పే సూత్రం ఇక్కడ అక్షరాలా సాధ్యం కాదు. అందుకని మూడు గుంపులు పెడదాం. మొదటిది 20 లీటర్లలో 4 చేపలు. రెండోది 60 లీటర్లలో 4 చేపలు. మూడోది 60 లీటర్లలో 12 చేపలు. మొదటి గుంపులోనూ మూడో గుంపులోనూ ఒక్కో చేపకు 5 లీటర్లే, తొట్టి మాత్రం వేరు. రెండో దానికీ మూడో దానికీ తొట్టి ఒకటే, కిక్కిరియడం వేరు. ఒకటో గుంపు, మూడో గుంపు రెండూ చిన్నబోయి రెండోది మాత్రమే పెరిగితే నేరం సాంద్రతది. రెండు, మూడు గుంపులు బాగా పెరిగి ఒకటోది మాత్రమే ఆగితే అప్పుడు తొట్టి మీద అనుమానపడాలి. ఒక్క పోలికతో తేలనిది మూడు పోలికలతో తేలుతుంది.

తొట్ల ఆకారం కూడా చూసుకోవాలి. ఒకటి లోతుగా, ఇంకొకటి వెడల్పుగా ఉంటే గాలి తగిలే నీటి ఉపరితలం మారుతుంది, దాంతో ఆక్సిజన్ మారుతుంది. చిన్న తొట్టిలో నీరు పగలు త్వరగా వేడెక్కి రాత్రి త్వరగా చల్లారుతుంది. చేప చల్లని నెత్తురు జీవి, ఒకటి రెండు డిగ్రీల తేడాకే దాని ఆకలి మారుతుంది. కాబట్టి హీటరు, థర్మోస్టాటు అన్ని తొట్లకూ ఉండాలి.

నీటి సంగతికి ఒక చక్కని ఉపాయం ఉంది. తొట్లన్నిటినీ గొట్టాలతో ఒకే వడపోత తొట్టికి కలిపి, ఒకే నీరు అన్నిట్లో తిరిగేలా చేయాలి. అప్పుడు అమ్మోనియా, పీహెచ్, వేడి అన్నిటికీ దాదాపు సమానం. ఆ తర్వాత కూడా చిన్న తొట్టిలో చేప చిన్నదిగానే మిగిలితే నీటి మలినాన్ని నిర్దోషిగా వదిలేయవచ్చు. ఒకవేళ తేడా మాయమైతే కారణం నీళ్లలోనే ఉందని తేలుతుంది. కానీ అది అమ్మోనియానా, చేపలు వదిలే మరో పదార్థమా అన్నది మిగిలిపోతుంది, ఎందుకంటే గొట్టాలు రెంటినీ కలిపేస్తాయి.

ఇదే పనిని మన రైతుల దగ్గరున్న వస్తువుతో ఇంకా తేలిగ్గా చేయవచ్చు. చేప పిల్లల్ని పెంచడానికి చెరువులో కట్టే దోమతెర లాంటి వల పెట్టెను హాపా అంటారు. పెద్ద సిమెంటు తొట్టిలో 20 లీటర్ల హాపా కట్టి అందులో నాలుగు చేపల్ని వదిలితే వాటికి చోటు 20 లీటర్లే, కానీ చుట్టూ ఉన్న నీరంతా వాటిదే. పక్కనే 20 లీటర్ల గాజు పెట్టెలో నాలుగు చేపలు. రెంటినీ పోల్చి చూస్తే చోటు ఒక పక్కకు, నీరు ఒక పక్కకు విడిపోతాయి. వలకు నాచు పట్టి రంధ్రాలు మూసుకుపోతే హాపా కూడా గాజు పెట్టె అయిపోతుంది, కాబట్టి రెండు రోజులకోసారి బ్రష్షుతో రుద్దాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడే చోటికి వచ్చాం. పెద్ద తొట్టి ఒకటి, చిన్న తొట్టి ఒకటి, ఒక్కోదానిలో 20 చేపలు. మొత్తం 40 చేపల్ని తూచాం, లెక్కలు కట్టాం, తేడా స్పష్టంగా ఉంది. 40 చేపలున్నాయి కదా, ఇది గట్టి ప్రయోగమేనా? కాదు. ఇక్కడున్నది ఒకటికి ఒకటే. ఒక తొట్టిలోని 20 చేపలూ ఒకే నీరు తాగుతాయి, ఒకే జబ్బు పట్టించుకుంటాయి, ఒకే ఎయిర్ పంపు ఆగిపోతే కలిసే ఉక్కిరిబిక్కిరవుతాయి. అవి 20 వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి 20 సార్లు చెప్పిన మాట. అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ పొరపాటుకు నకిలీ పునరావృతం అనే అర్థంలో ఒక పేరు పెట్టాడు. అచ్చయిన 176 ప్రయోగాల్ని ఆయన పరిశీలిస్తే 27 శాతంలో ఈ తప్పు ఉంది. గణాంక పరీక్షలు వాడినవాటినే లెక్కలోకి తీసుకుంటే అది 48 శాతం. అనుభవమున్న శాస్త్రవేత్తలే సగానికి సగం బోల్తాపడిన చోటిది.

కాబట్టి మన లెక్కలో సంఖ్య చేపలది కాదు, తొట్లది. ఒక్కో గుంపుకు ఎన్ని తొట్లు కావాలి? దీనికి జవాబు ఒక టీ కప్పు కథలో దొరుకుతుంది. ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త 1919లో చేరాడు. అక్కడ నాచుల మీద పనిచేసే మ్యూరియల్ బ్రిస్టల్, కప్పులో ముందు పాలు పోశారా ముందు టీ పోశారా రుచి చూసి చెప్పగలనన్నది. ఆ మాటను పరీక్షించడానికి ఎనిమిది కప్పులు కావాలని ఫిషర్ లెక్క కట్టాడు, నాలుగు ఇలా, నాలుగు అలా. ఎనిమిదిలోంచి నాలుగింటిని ఎంచుకునే మార్గాలు 70. అంటే ఏమీ తెలియకుండా ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. 1935లో వచ్చిన ఆయన ప్రయోగ రచన పుస్తకంలో ఈ ఉదాహరణ ప్రసిద్ధమైంది.

మన తొట్లకూ అదే లెక్క. నాలుగు చిన్నవి, నాలుగు పెద్దవి. తొట్టికీ పెరుగుదలకూ ఏ సంబంధమూ లేకపోయినా పెద్ద తొట్లు నాలుగూ పై నాలుగు స్థానాల్లో నిలిచే అవకాశం 70లో ఒకటి. మూడూ మూడూ పెడితే 20లో ఒకటి. రెండూ రెండూ పెడితే 6లో ఒకటి. ఒకటికి ఒకటి పెడితే రెంటిలో ఒకటి, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. మన సైన్సు ప్రదర్శనల్లో పెట్టే రెండు సీసాల ప్రయోగాలన్నిటి బలమూ ఇంతే. అందుకే మూడు గుంపులకూ నాలుగేసి చొప్పున 12 తొట్లు పెడదాం. చేపలు మొత్తం 80.

ఈ 70 లెక్క పనిచేయాలంటే ఒక షరతు ఉంది. ఏ చేప ఏ తొట్టికి వెళ్లాలో, ఏ తొట్టి ఏ అరలో ఉండాలో చీటీలు వేసి తేల్చాలి. బకెట్లోంచి గరిట వలతో తీస్తూ వరసగా తొట్లు నింపితే ఏమవుతుంది? ముందు దొరికేవి నెమ్మదైన చేపలో, భయం లేనివో అవుతాయి. చురుకైనవి చివరిదాకా తప్పించుకుంటాయి. మొదటి తొట్టికీ ఆఖరి తొట్టికీ చేపల స్వభావమే మారిపోతుంది. మనం కావాలని చేయకపోయినా పక్షపాతం వచ్చి కూర్చుంటుంది. చీటీ వేయడం మొరటు పనిలా అనిపిస్తుంది గాని ప్రయోగం మొత్తంలో దానికన్నా విలువైన పని లేదు. గదిలో ఒక గోడవైపు వెలుతురు ఎక్కువుంటే తొట్లను నాలుగు వరసలు చేసి, ప్రతి వరసలో మూడు గుంపులవీ ఒక్కోటి వచ్చేలా, వరసలోపల మాత్రం చీటీల ప్రకారం అమర్చాలి. గోధుమ చేలలో నేల తేడాలకు ఫిషర్ కనిపెట్టిన ఉపాయమే ఇది.

మేత దగ్గర ఒక నిర్ణయం తీసుకోవాలి, అది ప్రశ్ననే మార్చేస్తుంది. ప్రతి చేపకూ సమానంగా తూచి వేస్తే, అంతే మేతతో ఎవరు ఎక్కువ ఒళ్లు చేశారన్నది తెలుస్తుంది. కడుపునిండా వేస్తే చిన్న తొట్టిలో ఆకలి తగ్గుతుందా అన్నది కూడా బయటపడుతుంది. నేనైతే కడుపునిండా వేసి, అరగంట తర్వాత మిగిలినదాన్ని సైఫన్‌తో తీసి, ఆరబెట్టి తూచడమే మేలంటాను. చేప చిన్నదవడానికి తక్కువ తినడం కారణమా, తిన్నది ఒంటబట్టకపోవడం కారణమా అన్నది ఆ మిగులే చెబుతుంది.

కొలత సంగతికొస్తే, తూచే ముందురోజు మేత ఆపాలి, లేకపోతే కడుపులో ఉన్నది కూడా పెరుగుదల లెక్కలోకి వస్తుంది. లవంగ నూనె కొద్దిగా కలిపిన నీళ్లలో చేపకు మత్తిచ్చి తూస్తే దానికీ బాధ తగ్గుతుంది, తూకమూ కుదురుతుంది. తూచే మనిషికి ఆ చేప ఏ తొట్టిదో తెలియకూడదు. ఇక పెరిగిన గ్రాముల్ని అలాగే పోల్చకూడదు. 5 గ్రాముల చేప 10 అయితే రెట్టింపయింది, 50 గ్రాములది 55 అయితే పదోవంతు పెరిగింది. రెండూ 5 గ్రాములే! అందుకే బరువుల సహజ సంవర్గమానాల తేడాను రోజులతో భాగించి, దినసరి శాతంగా చెబుతారు. 60 రోజుల్లో 5 గ్రాముల నుంచి 20 గ్రాములైన చేప రోజుకు సుమారు 2.3 శాతం చొప్పున పెరిగినట్టు.

తొట్టి సగటుతో పాటు తొట్టిలోని హెచ్చుతగ్గుల్నీ చూడాలి. కిక్కిరిసిన తొట్టిలో పెత్తనం చేసే చేప ఒకటి తయారవుతుంది. అది మేతంతా లాగేసుకుని బలిసి, మిగతావాటిని మూలలకు తరుముతుంది. సగటు చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, విడివిడిగా చూస్తే ఒకటి పెద్దది, పదకొండు బక్కవి. సగటు దాచిపెట్టే నిజం ఇది.

చేపలు చనిపోతాయి కూడా. చిన్న తొట్టిలో బలహీనమైనవి ముందు పోతే మిగిలినవాటికి చోటు పెరుగుతుంది, సగటూ పెరుగుతుంది. చివరికి మరణాలు ఎక్కువైన తొట్టే బాగా పెంచిందని తేలే ప్రమాదం ఉంది! అందుకే చనిపోతే అంతే బరువున్న, రెక్కకు గుర్తు పెట్టిన చేపను బదులు వేసి, దాన్ని లెక్కలోంచి మినహాయించాలి. ఈ నియమం మొదటి చేప పోయాక కాదు, ప్రయోగం మొదలుపెట్టకముందే రాసిపెట్టుకోవాలి. ఏది పెరుగుతుందని ఆశిస్తున్నామో అదీ ముందే రాయాలి. "పెద్ద తొట్టే గెలుస్తుంది" అని ముందే అంటే 70లో ఒకటి, ఏది గెలిచినా సరే అనుకుంటే 35లో ఒకటి. అమ్మోనియా ఏ హద్దు దాటితే ప్రయోగం ఆపేయాలో కూడా అదే పేజీలో ఉండాలి. చేప నోరు తెరిచి ఒగరుస్తుంటే గణాంకాల కోసం చూస్తూ కూర్చోవడం తప్పు.

60 రోజులయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. చిన్నబోయిన చేపల్ని పెద్ద తొట్లలోకి మార్చి మరో 60 రోజులు తూచడం. కైకలూరు రైతు చెరువులో జరిగేది ఇక్కడా జరిగితే, తొట్టి చేప పరిమాణాన్ని నిర్ణయించలేదని, పెరుగుదలను ఆపి ఉంచిందని అర్థం. అక్వేరియం కొట్టులో వినిపించే మాటకు అసలైన పరీక్ష ఈ రెండో సగమే.

పన్నెండు తొట్లు ఏ బడిలో ఉంటాయని సైన్సు మాస్టార్లు అడగవచ్చు. రెండు చాలు, ఓపిక ఉంటే. ఒకే కొలత గల రెండు 60 లీటర్ల తొట్లు తీసుకోండి. ఒకదానిలో ప్లాస్టిక్ వలతో అడ్డం కట్టి చేపల్ని పావు భాగానికే పరిమితం చేయండి, నీరు మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. రెండో తొట్టిలోనూ అంతే వల ముక్కను గోడకు ఆనించి పెట్టండి, వల ప్రభావం రెంటికీ సమానమవుతుంది. రెంటిలోనూ నాలుగేసి చేపలు. ఆరు వారాల తర్వాత తూచి, కొత్త చేపలతో మళ్లీ మొదలుపెట్టండి. వల అడ్డం ఏ తొట్టిలో కట్టాలో ప్రతిసారీ పిల్లలచేతే చీటీ వేయించండి. జూన్ చివర మొదలుపెడితే సంక్రాంతి సెలవులు దాటేసరికి అయిదు విడతలు పూర్తవుతాయి. అయిదుకు అయిదుసార్లూ విశాలమైన చోటే గెలవడం కేవలం అదృష్టం మీద 32లో ఒకసారే జరుగుతుంది. అయిదింటిలో ఒకటి ఎదురు తిరిగితే దాన్నీ మిగతా నాలుగింటి పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో చార్టు మీద రాయించండి. అయిదింటిలో కనీసం నాలుగు అదృష్టం కొద్దీ కలిసిరావడం 32లో 6 సార్లు జరుగుతుంది.